ముందెవరి పేరు

మార్చి 1, శనివారం

ముందుగా క్షమాపణ.

ఈ నోటుబుక్కులో ఇకముందు వెలువడబోయే అభిప్రాయాల వల్ల మనసు నొచ్చుకోబోయే పాటల రచయితలకు, గాయకులకు, గొంతు లేకపోయినా మిషను చేత గొంతు పెట్టించుకుని పాడే యువకిశోరాలకు, టీవీలో ఒకరి నడుము మీద ఒకరు దూకే కండల వీరులకు, అదే టీవీలో ఒకరి మాట మీద ఒకరు దూకే పార్టీ ప్రతినిధులకు, ఉభయ పార్టీల మండల, గ్రామ, వీధి, అరుగు స్థాయి నాయకులకు శిరస్సు వంచి, మోకాళ్ళ మీద నిలబడి, కళ్ళనీళ్ళతో క్షమాపణ వేడుకుంటున్నాను. కళ్ళనీళ్ళు ఉల్లిపాయలవి. అమ్మ పక్కనే పకోడీలకు తరుగుతోంది.

నేను బీటెక్. నాలుగేళ్ళు నరసరావుపేట బస్సులో ఒంటికాలి మీద నిలబడి చదివినవాణ్ణి. అన్ని విషయాల మీదా నాకు అభిప్రాయం ఉంటుంది. పని ఉండదు. ఈ రెంటికీ సంబంధం ఉందని మా నాన్న అభిప్రాయం. ఆయనకు ఉన్నది అదొక్కటే.

నిన్నటి నుంచి ఊళ్ళో నాతో మాట్లాడేవాళ్ళు సగానికి సగం తగ్గారు. అభిప్రాయాలు ఎక్కడో ఒకచోట దింపుకోవాలి గదా. అందుకని ఈ బుక్కు.

నిన్న జరిగినదాన్ని ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతున్నారు కనక అసలు సంగతి రాసి పెడుతున్నాను. తిరునాళ్ళ బండలాగుడు పందెం. పళ్ళన్నీ వచ్చిన పెద్ద గిత్తల విభాగం, పళ్ళను బట్టే వీటి వయసు. మైకు నాది. రెండేళ్ళుగా ఈ చుట్టుపక్కల ఎక్కడ పందెం జరిగినా మైకు నాదే. బీటెక్ పనికొచ్చిన ఏకైక ఉద్యోగం. షౌకత్ తన ఫోనును కర్రకు కట్టి యూట్యూబులో లైవు ఇస్తాడు. మూడో నంబరు మా ఊరి జత. రెండు గిత్తలు, ఇద్దరు యజమానులు. ఇట్లాంటి దాన్ని కంబైండ్ జత అంటారు. బంగారి అనే గిత్త గోపాలకృష్ణ బాబాయిది. కోటిగాడు అనే గిత్త ఆదినారాయణ మామది. బాబాయిది అధికార పార్టీ, మామది ప్రతిపక్షం. పోయిన ఎన్నికల దాకా ఇది తిరగేసి ఉండేది. బోర్డులు మారాయి, గిత్తలు మారలేదు.

వాళ్ళిద్దరూ పంచాయతీ ఆఫీసులో ఎదురుపడితే మొహాలు తిప్పుకుంటారు. సాయంత్రం ఒకే గాడి ముందు నిలబడి రెండు గిత్తలకూ ఉడకబెట్టిన ఉలవలు పెడతారు. నాలుగేళ్ళుగా ఇదే వరస. జత కట్టిన రోజున పెట్టుకున్న షరతు ఒక్కటే: మైకులో ఒక పందేనికి ఒకరి పేరు ముందు, మరుసటి పందేనికి రెండోవారి పేరు ముందు. ఒక్కసారి కూడా తప్పలేదు. నిన్న వంతు ఆదినారాయణ మామది. నేను గోపాలకృష్ణ బాబాయి పేరు ముందు చదివాను.

అంతే. ఎండ కళ్ళలో పడింది.

జతకు ఫస్టు వచ్చింది. పదిహేను నిమిషాల్లో మూడువేల రెండొందల చిల్లర అడుగులు. కప్పు ఇవ్వడానికి పిలిస్తే మామ స్టేజీ ఎక్కలేదు. "ముందు పేరోళ్ళకే ఇచ్చుకోండి, వెనక పేరోళ్ళతో మీకేం పని" అని కోటిగాడి ముకుతాడు పట్టుకుని జనం మధ్యలోంచి నడిచి వెళ్ళిపోయాడు. బాబాయి ఒక్కడే కప్పు పట్టుకుని ఫొటో దిగాడు. ఆ ఫొటో సాయంత్రానికి ఫ్లెక్సీ అయింది. ఫ్లెక్సీలో బంగారి సగమే ఉంది. మిగతా సగం చోటులో మండల నాయకులు ఉన్నారు.

మార్చి 3, సోమవారం

యల్లమంద వచ్చాడు. రెండు గిత్తల్నీ మేపేది, కడిగేది, పందెంలో తోలేది అతనే. అతని ఇంటి పక్క చావిట్లోనే అవి ఉండేవి. ఇప్పుడు బంగారిని బాబాయి, కోటిగాణ్ణి మామ ఎవరింటికి వాళ్ళు తోలుకుపోయారు. చావిడి ఖాళీ.

"నాగరాజా, నువ్వు చదివేటప్పుడు ఎవురన్నా చెప్పారా, అట్టా చదవమని?"

"ఎవరు చెబుతారు? మైకు కీచుమంది. ఆ కంగారులో అటుదిటు అయింది."

"ఆ మాటే మామతో చెప్పయ్యా. పొరపాటయింది మామా అంటే పోయేదేముంది? కోటిగాడు నిన్నటి నుంచి ఉలవలు ముట్టలా. బంగారి పక్కన లేకపోతే వాడు గాడిలో మూతి పెట్టడు. నాలుగేళ్ళ అలవాటు."

"చెబుతాలే."

పైన ఎండ అని రాశాను. ఎండ కూడా ఉంది. మైకు కూడా కీచుమంది. ఒకే సమయంలో రెండూ జరగగూడదని ఎక్కడైనా ఉందా?

మార్చి 5

సంగీతం గురించి.

ఊళ్ళో రెండు వీధుల్లో రెండు డీజే బాక్సులు. గెలిచిన కప్పుకు ఊరేగింపు అని బాబాయి వీధి వాళ్ళు పెట్టారు. అసలు గిత్త మాది అని మామ వీధి వాళ్ళు పెట్టారు. పొద్దున్నుంచి రెండు పార్టీల పాటలూ విన్నాక నా అభిప్రాయం ఏమంటే, రెండూ ఒకటే పాట. అదే డప్పు, అదే అరుపు, అదే చోట ఊపిరి. ఒకదాంట్లో నాయకుడు పులి, ఇంకోదాంట్లో సింహం. చరణం దాకా వచ్చేసరికి జంతువులు అయిపోయి ఇద్దరూ దేవుళ్ళు అవుతారు. సినిమాల్లో హీరో వచ్చేటప్పుడు వేసే పాట కూడా ఇదే గానీ, అక్కడ కనీసం హీరో ఒకడే ఉంటాడు.

బాక్సులు రెండూ, తిరునాళ్ళలో నా మైకు కూడా, బెంజిమినువే. అడిగాను, కలిసిపోకుండా ఎట్లా చూసుకుంటున్నావని.

"కలిసేదేముందన్నా, రెండూ ఒకే పెన్‌డ్రైవులో ఉన్నయ్. ఏ వీధి అయితే ఆ ఫోల్డరు. మొన్న ఒకసారి మారిపోయింది. రెండు చరణాలు అయిందాకా ఎవురూ కనిపెట్టలా. పేరు వచ్చినాకే కొట్టారు."

ఈ దేశంలో పేరు వచ్చిందాకా అందరూ డాన్సు చేస్తారన్నమాట. ఈ వాక్యం బాగుంది. ఎక్కడన్నా వాడాలి.

మార్చి 8, శనివారం

నాయనమ్మ పిచ్చమ్మ గారితో కలిసి టీవీ కుస్తీ. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. సీరియళ్ళు చూడదు, అవి అబద్ధమట. కుస్తీ చూస్తుంది, అది నిజమట. ఎందుకంటే వాళ్ళకు చెమట పడుతుంది.

ఇవాళ జోడీల పోటీ. ఎర్ర చెడ్డీవాడు, జులపాలవాడు రెండేళ్ళుగా ఒక జోడీ. ఆట మధ్యలో జులపాలవాడు ఇనప కుర్చీ తీసి ఎర్ర చెడ్డీవాణ్ణే వెనక నించి బాదాడు. జనం అరుపులు. నాయనమ్మ గుండెల మీద చెయ్యి పెట్టుకుంది.

"దొంగసచ్చినోడు! నిన్నదాకా భుజాల మీద చేతులేసుకుని తిరిగి ఏందిరా ఈ పని?"

"నాయనమ్మా, అదంతా ఉత్తిదే. వాళ్ళని విడగొట్టాలని ఒకాయన కూర్చుని ముందే రాసిస్తాడు."

"కలిసున్నోళ్ళని ఎందుకు విడగొట్టటం?"

"కలిసి గెలుస్తూనే ఉంటే చూసేవాళ్ళకి విసుగు గదా. విడిపోతేనే జనం కూర్చుంటారు. మళ్ళీ ఆర్నెల్లకి వాళ్ళే కలుపుతారు. అప్పుడు ఇంకా ఎక్కువ మంది చూస్తారు."

"మరి ఆ రాసేవాడికి సిగ్గుండదంట్రా?"

సిగ్గుకూ దానికీ సంబంధం లేదనీ, దాన్ని స్పోర్ట్స్ ఎంటర్‌టైన్‌మెంట్ అంటారనీ, అది ఒక పెద్ద పరిశ్రమ అనీ వివరించాను. ఆమె వినలేదు. ఎర్ర చెడ్డీవాడికి దెబ్బ ఎక్కడ తగిలిందో చూస్తోంది. ఛానలు మార్చాను. వార్తల్లో చర్చ. ఆమె లేచి పడుకోవడానికి పోయింది.

మార్చి 10

మామ ఇంటికి వెళ్ళి చెప్పాలి. ఇవాళ ఎండ ఎక్కువ.

మార్చి 12

మామ ఇంటికి వెళ్ళి చెప్పాలి. ఇవాళ మబ్బు.

మార్చి 16, ఆదివారం

గురజాల పక్క ఊళ్ళో పందెం. షౌకత్ బండి మీద వెళ్ళాం. బంగారి, కోటిగాడు ఇద్దరూ దిగారు, విడివిడిగా. బాబాయి ఎక్కడి నుంచో ఒక తెల్ల గిత్తను తెచ్చి బంగారి పక్కన కట్టాడు. మామ తన పాత గిత్తను కోటిగాడి పక్కన కట్టాడు. తోలమని ఇద్దరూ యల్లమందను పిలిచారట. అతను ఇద్దరికీ వద్దన్నాడు. "ఒకదాన్ని తోలి రెండోదాని మొహం ఎట్టా చూడను" అన్నాడట. తాడు బయట, జనంలో, నెత్తిన తువాలు వేసుకుని నిలబడ్డాడు.

దారి పొడవునా షౌకత్ ఉత్సాహంగా ఉన్నాడు. "భాయ్, మన ఊరి గొడవ అందరికీ తెలిసిపోయింది. కామెంట్లు చూడు. ఎవరు గెలుస్తారని పందేలు కాస్తన్నారు. నువ్వు కొంచెం మసాలా దట్టించు."

దట్టించాను. దాచుకోవడం ఎందుకు, బాగా దట్టించాను. "నిన్నటి మిత్రులు, నేటి శత్రువులు! ఒకే గాడిలో తిన్న రెండు గిత్తలు, ఈ రోజు రెండు జెండాల కింద!" అని టీవీ కుస్తీ వాడి గొంతు పెట్టి అరిచాను. జనం ఈలలు. లైవులో చూసేవాళ్ళు మూడు వేలు దాటారు. మాకు ఎప్పుడూ రాలేదు అంతమంది.

బంగారి ముందు దిగింది. తెల్ల గిత్త ఒక పక్కకు, బంగారి ఒక పక్కకు. పదకొండు జతల్లో తొమ్మిదో స్థానం.

తరవాత కోటిగాడు. మొదటి రెండు సార్లు బాగానే లాగాడు. మూడోసారి బండ మధ్యలో ఆగింది. కొడుతున్నారు, అరుస్తున్నారు, కదలడు. అప్పుడు జనంలోంచి యల్లమంద గొంతు. మాట కాదు, నాలుక అంగిట్లో తాటించి అతను చేసే ఒక చప్పుడు. బహుశా అలవాటుగా వచ్చేసి ఉంటుంది. కోటిగాడు చెవులు నిక్కించి, మెడ తిప్పి, కాడినీ పక్క గిత్తనూ బండనూ మొత్తంగా ఈడ్చుకుంటూ ఆ చప్పుడు వైపు నడిచాడు. సున్నపు గీత దాటేశాడు. గీత దాటితే అవుట్.

నేను మైకులో అన్నాను: "అదిగో, కోటిగాడు పార్టీ మారుతున్నాడు!"

రెండు నిమిషాలు జనం నవ్వుతూనే ఉన్నారు. మామ నవ్వలేదు. యల్లమంద తువాలు మొహం మీదికి లాక్కున్నాడు.

మార్చి 17

ఆ ముక్క ఒక్కటీ కత్తిరించి షౌకత్ విడిగా పెట్టాడు. లక్ష మంది చూశారు. దానికి ఎవరో పాట కూడా కలిపారు. పులి పాటో, సింహం పాటో. తేడా తెలియలేదు.

నేను అన్నది ఒక జోకు. జోకు అంటే అభిప్రాయం. అభిప్రాయాలకు క్షమాపణ మొదటి పేజీలోనే చెప్పుకున్నాను.

మార్చి 21, శుక్రవారం

మామ కోటిగాణ్ణి అమ్మేస్తున్నాడు. కృష్ణా నది అవతలి వాళ్ళు, నల్గొండ జిల్లా నుంచి, వీడియో చూసి ఫోను చేశారట. గీత దాటినా అంత బండను ఒక్కడే ఈడ్చుకుపోయిన గిత్త కావాలన్నారట. ఏప్రిల్ మొదట్లో వచ్చి తోలుకుపోతారు.

యల్లమంద పొద్దున్నే వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. టీ తాగలేదు.

"నది దాటితే ఇక జత లేదయ్యా. ఇద్దరు పెద్దమనుషులు, ఇయ్యాళ కాకపోతే రేపు మాట్లాడుకుంటారు. గిత్త పోయినాక ఏం మాట్లాడుకుంటారు? రెండు పళ్ళప్పుడు నించి పెంచా. వాటిని విడిగా తోలటం నాకు రాదు. వాటికీ రాదు." తరవాత అన్నాడు, "నువ్వు మామకి చెప్పావా?"

"రేపు చెబుతా."

"పందెమైన రోజు నించీ రేపేనయ్యా."

టీవీలో చర్చ. ఒకాయన రాష్ట్రం వెలిగిపోతోందన్నాడు, ఇంకొకాయన రాష్ట్రం మునిగిపోతోందన్నాడు. విరామంలో ఇద్దరికీ ఒకే కుర్రాడు కాఫీ ఇవ్వడం కెమెరాలో పడింది. ఇద్దరూ నవ్వుతూ అందుకున్నారు. దీని మీద నాకు మంచి అభిప్రాయం తట్టింది గానీ రాయబుద్ధి కావడం లేదు.

మార్చి 24, సోమవారం

వెళ్ళాను. చెప్పాను. అన్నది అన్నట్టు రాసుకుంటున్నాను, తరవాత నేను వెళ్ళలేదని ఎవరూ అనకుండా.

ఆదినారాయణ మామ వరండాలో మంచం మీద కూర్చుని ఫోను చూస్తున్నాడు. నన్ను చూసి ఫోను బోర్లించాడు. ఏం చూస్తున్నాడో ఆ పాటను బట్టి తెలిసింది.

"రా నాగరాజా. కూర్చో. ఏమే వనజా, అల్లుడొచ్చాడు, మజ్జిగ తే."

వనజత్త మజ్జిగ ఇచ్చి, నా మొహం చూడకుండా లోపలికి పోయింది.

"మామా, తిరునాళ్ళ రోజు పొరపాటయింది. చీటీలో రాత సరిగ్గా లేదు. పేర్లు అటుదిటు చదివాను."

మామ నవ్వాడు. కోప్పడితే బాగుండేది.

"ఆ చీటీ రాసింది నేనేరా. కమిటీ వాళ్ళు రాయమంటే అచ్చు అక్షరాల్లో రాసిచ్చా. నా రాత బాగుంటదని బళ్ళో మాస్టారు అందరికీ చూపించేవాడు. రెండు పేర్లు. బీటెక్కు చదివినోడు రెండు పేర్లు తిరగేసి చదువుతాడా? పొరపాటు కాదది. మీ బాబాయి చదివించాడు."

"లేదు మామా. ఎవరూ చదివించలేదు. ఒట్టు."

"ఒట్లు పెట్టుకోమాక. నీ తప్పు లేదు, నిన్నేమీ అనను. అధికారంలో ఉన్నారు, ఏదో ఉద్యోగం చూపిస్తామన్నారు, చదివావు. ఇప్పుడు కూడా ఆయనే పంపాడు గదా, పొరపాటని చెప్పి రమ్మని? గిత్త పోతందని భయం పట్టుకున్నట్టుంది."

"మామా, కోటిగాణ్ణి మాత్రం అమ్మొద్దు."

"అమ్మక? పార్టీ మారే గిత్తని నేను మేపాలా? లోకమంతా వినేట్టు నువ్వే అంటివి గదా."

మజ్జిగ పూర్తిగా తాగలేదు. కొట్టంలో కోటిగాడు గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

నేను ఒట్టు వేసి చెప్పిన మాట నమ్మలేదు. మనుషుల మీద ఇంత అపనమ్మకం ఉంటే సమాజం ఎట్లా బాగుపడుతుంది?

మార్చి 25

గోపాలకృష్ణ బాబాయి దగ్గరికీ వెళ్ళాను.

"ఒరేయ్ నాగరాజూ, రారా! భలే చదివావురా ఆ రోజు. పేటలో మీటింగుకి పోతే అందరూ అదే మాట. ప్రతిపక్షపోణ్ణి సొంతూరి తిరునాళ్ళలోనే వెనక్కి నెట్టావంట గదా అన్నారు. నేను చెప్పా, మనవాడే, ఇంట్లో పిల్లోడే అని."

"అది పొరపాటు బాబాయి."

"పొరపాటే. ఎవుడు కాదన్నాడు? మంచి పొరపాటు. నీకు మండలం సోషల్ మీడియా కన్వీనరు పోస్టు అడిగా. ఐడీ కార్డు ఇస్తారు. మెడలో వేసుకో."

"బాబాయి, మామ కోటిగాణ్ణి నది అవతలికి అమ్మేస్తున్నాడు."

నవ్వు ఆగింది. కొట్టం వైపు చూశాడు. బంగారి ముందు ఉలవలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, పైన ఈగలు.

"ఇది కూడా తింటం లేదురా. ఎండలకి."

"కోటిగాణ్ణి నువ్వే కొనుక్కోరాదూ?"

"కొంటా. ఎందుక్కొనను? వాడు వచ్చి ఒక్క మాట అడిగితే రేపే తోలుకొస్తా. వాడు ముందు అడగాల గదా."

అక్కణ్ణించి మళ్ళీ మామ దగ్గరికి పరుగెత్తాను. మామ అన్నాడు, "కావాలనుకున్నోడు వచ్చి అడగాల. ముందు వాణ్ణి రమ్మను."

రెండిళ్ళ మధ్య నూటయాభై అడుగుల దూరం. మూడువేల రెండొందల అడుగులు బండ లాగించిన మనుషులు.

మార్చి 30, ఆదివారం. ఉగాది

పంచాంగ శ్రవణం రెండు చోట్ల. ఒక పంతులు గారు పాలకులకు తిరుగులేదన్నారు. ఇంకో పంతులు గారు పాలకులకు గండం ఉందన్నారు. ఇద్దరూ అన్నదమ్ములే. గిత్తల గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

నాయనమ్మ ఉగాది పచ్చడి ఇస్తూ అడిగింది. "ఆ ఎర్ర చెడ్డీవాడు, ఆ జులపాలోడు మళ్ళీ కలిశారంట్రా?"

"ఇంకా లేదు. ఇంకా టైముంది."

"మన గోపాలం, ఆదినారాయణ?"

పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైంది అన్నాను.

ఏప్రిల్ 1

ఇవాళ ఎవరూ ఎవర్నీ ఫూల్ చెయ్యలేదు. అవసరం పడలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

పొద్దున ఏడింటికి బొలేరో వచ్చింది. ముగ్గురు మనుషులు. మంచివాళ్ళలాగే ఉన్నారు. "ఫికర్ జెయ్యకుండ్రి, మంచిగ జూస్కుంటం" అని ఎవరూ అడగకపోయినా అందరికీ చెప్పారు. కోటిగాడికి బొట్టు పెట్టారు, మెడలో దండ వేశారు.

కోటిగాడు బండి ఎక్కలేదు. ముగ్గురూ తోశారు, తాడు కట్టి లాగారు. మామ అదిలించాడు. కాళ్ళు తన్నిపెట్టి నిలబడ్డాడు. చివరికి మామే అన్నాడు, "యల్లమందని పిలవండి."

యల్లమంద వచ్చాడు. ఎవరి వైపూ చూడలేదు. బొలేరో ఎక్కి లోపల నిలబడి నాలుక తాటించి ఆ చప్పుడు చేశాడు. కోటిగాడు తిన్నగా చెక్క మీద నడిచి ఎక్కేశాడు. ఎక్కి అతని భుజానికి మూతి రాశాడు. యల్లమంద తాడు కట్టి, ముడి రెండుసార్లు చూసుకుని దిగాడు.

బాబాయి తన గుమ్మంలో నిలబడి పళ్ళు తోముకుంటున్నాడు. బొలేరో మలుపు తిరిగేదాకా తోముకుంటూనే ఉన్నాడు. మామ వాకిట్లో తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరిలో ఎవరన్నా ఒక్కరు ఒక్క మాట అనడానికి చాలినంత సేపు బండి అక్కడే ఆగి ఉంది. ఇంజను కూడా వెంటనే స్టార్టు కాలేదు. బంగారి లోపల్నించి అరిచింది. బొలేరోలోంచి కోటిగాడు అరిచాడు. అందరం విన్నాం. షౌకత్ ఫోను తీశాడు. నేను వద్దన్నాను. తీశాడు.

యల్లమంద వెనక్కి వస్తూ నా దగ్గర ఆగాడు.

"మామ నమ్మలేదంట గదా."

"నమ్మలేదు."

"చదువుకున్నోడివి. చీటీ నీ చేతిలో ఉంది. ఎట్టా తప్పింది నాగరాజా?" అతను నన్ను నిలదీయడం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు, ఫోను పాడైతే ఏమైందని అడుగుతాడే, అట్లా.

"అక్షరాలు చిన్నవి" అన్నాను.

తల ఊపాడు. "అంతే అయ్యుంటది. కావాలని ఎవుడు చేస్తాడు?" అని నా భుజం తట్టి ఖాళీ చావిడి వైపు వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 3

పొద్దున్నుంచి ఈ బుక్కు మొదటి నుంచి చదివాను. ఎండ అని రాశాను. స్టేజీకి టెంటు వేశారు, పైనా పక్కనా కూడా. మైకు కీచుమందని చెప్పాను. బెంజిమిను మైకు ఎప్పుడూ కీచుమనదు. రాత సరిగ్గా లేదన్నాను. ఆ రాత ఎవరిదో అప్పుడే తెలిసింది. అక్షరాలు చిన్నవి అన్నాను. ఒక్కొక్క అక్షరం బొటనవేలంత ఉంది.

ఇందులో పాటల మీద, కుస్తీ మీద, నాయకుల మీద, పంతుళ్ళ మీద బోలెడు రాశాను. వాటి వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. వాళ్ళెవరికీ నేనున్నట్టు కూడా తెలియదు. ఈ ఐదు వారాల్లో, ఆ మాటకొస్తే బీటెక్ అయిన ఈ రెండేళ్ళలో, నేను చేసిన పని అంటూ ఒక్కటే ఉంది.

మూడో జతను పిలవబోయే ముందు షౌకత్ ఫోను వైపు చూశాను. మొదటి జతప్పుడు ఆరొందల మంది చూశారు. అప్పటికి నూట పన్నెండుకు వచ్చింది. నూట తొమ్మిది అయింది. షౌకత్ పెదవి విరిచాడు. మా ఊరి జత ఎట్లాగూ ఫస్టు వస్తుంది, నాలుగేళ్ళుగా వస్తూనే ఉంది, ఎవరు చూస్తారు అనుకున్నాను. వంతు ఎవరిదో నాకు తెలుసు. ఊళ్ళో అందరికన్నా నాకే బాగా తెలుసు. రెండేళ్ళుగా ఆ వంతులు గుర్తుపెట్టుకుని చదువుతున్నది నేనే. పేర్లు తిప్పితే మామ లేస్తాడు, బాబాయి మీసం మీద చెయ్యి వేస్తాడు, ఒక పావుగంట మంచి గొడవ అవుతుంది, జనం కూర్చుంటారు, సాయంత్రానికి చావిట్లో ఇద్దరూ నన్ను తిట్టి ఉలవలు పెట్టుకుంటారు అనుకున్నాను.

పొరపాటు కాదని మామ అన్నప్పుడు నాకు కోపం వచ్చింది. అంతవరకూ ఆయన చెప్పింది నిజం. ఎవరో చదివించారన్నది ఒక్కటే ఆయన తప్పు. ఎవరూ చదివించలేదు.

చీటీని లోపల ఒకసారి చదువుకున్నాను. మొదటి పేరు ఆదినారాయణ. మళ్ళీ చదువుకున్నాను. తరవాత మైకు నోటి దగ్గర పెట్టుకుని గోపాలకృష్ణ అన్నాను. కావాలనే అన్నాను.